సర్వర్ ఆపమని అడగడం

జూన్ 14, సోమ

మళ్లీ ఆగిపోయింది. నేను కూర్చుని నడిపితే నడుస్తుంది నా ప్రోగ్రామ్ — క్లయింటు ఫైళ్లు చదివి రిపోర్టు రాస్తుంది. నేను ఇంటికి వచ్చాక, సర్వర్లో తనంతట తాను నడవాల్సినప్పుడు మాత్రం... ఫైళ్లు దొరకలేదని ఒక లైను రాసి ఊరుకుంటుంది.

టీమ్ లీడ్ ప్రసాద్ గారు నా కుర్చీ వెనక నిలబడి, "శుక్రవారం దాకా చూద్దామమ్మా. అవకపోతే ఈ పని నీ పక్క సీటు కిరణ్‌కి ఇచ్చేద్దాం." కోప్పడినా బాగుండేది. నా ఉద్యోగం ఖాయం చేసే ప్రొబేషన్ కాగితం మీద ఆయన సంతకమూ శుక్రవారమే.

జూన్ 15

ఏమీ తేలలేదు. మూసాపేట దాకా బస్సులో నిలబడే వచ్చాను.

జూన్ 16

దొరికింది. ఫైళ్లు ఏ ఫోల్డర్లో ఉన్నాయో చెప్పే వేరియబుల్‌ను నా లాగిన్‌లో పెట్టాను. సర్వర్లో ప్రోగ్రామ్‌ను వెనకాల నడిపే సర్వీసు నా పేరుతో నడవదు. నా సెట్టింగులు దానికి కనబడవు.

సర్వర్లు చూసే మల్లేశ్ చేత, మెషీన్ మొత్తానికీ వర్తించే సిస్టమ్ వేరియబుల్స్‌లో పెట్టించాను. సర్వీసు ఆపి మొదలుపెట్టాం. అయినా అదే లైను.

జూన్ 17

లంచ్ మానేసి మాన్యువల్ చదివాను. మెషీన్ లేచినప్పుడు ఉన్న విలువలే సర్వీసులకు తెలుస్తాయట. సర్వర్ మొత్తం రీస్టార్ట్ చేయాలి. ఫ్లోరంతా పనిచేసేది దాని మీదే.

మల్లేశ్ నవ్వాడు. "నాకేం ఫికర్ లేదు మేడమ్, బంద్ చేసి లేపుత. కానీ ఈడ పద్ధతి ఎరికే కదా — ఎవరికి కావాల్నో వాళ్లే సీటు సీటుకు పోయి అడగాలె. మొన్న నేను పోతే టెస్టింగోళ్లు మీదికొచ్చిన్రు. ఇగ నేను పోను."

సీటు సీటుకు. బడిలో ప్రేయర్ చదవమంటే జ్వరమని పడుకున్నదాన్ని.

ప్రసాద్ గారికి చెప్పాను. "నీ బదులు కిరణ్ అడుగుతాడులేమ్మా." దయగానే అన్నారు. కిరణ్ అడిగితే ఇక పని కిరణ్‌దే. నేనే అడుగుతానండి, అన్నాను. "ఏంటమ్మా?" వినపడలేదు ఆయనకి. మళ్లీ అనాల్సి వచ్చింది.

జూన్ 18, శుక్ర

అడిగాను. చాలామంది తల ఎత్తకుండానే సరేనన్నారు.

టెస్టింగ్‌లో రమణి గారు మాత్రం పక్కవాళ్లను పిలిచారు. "ఏందిది, ఈ పిల్ల మాట్లాడుతది!" నవ్వారు. నేనూ నవ్వాను, అనుకుంటా. "మా టెస్టు నడుస్తుంది. సోమవారం చూద్దాం తీ."

ఇవాళే కావాలండి, అన్నాను. వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాను.

ఆవిడ తన స్క్రీన్ వైపు తిరిగి, "సేవ్ చేస్కుంట. జర ఆగు."

సర్వర్ ఆగింది. ఫ్లోరంతా టీకి లేచింది. లేస్తూ ఎవరో, "ఎవరి పుణ్యమోయ్ ఇది?"

సర్వర్ ఇప్పుడు లేచింది. నేను లాగవుట్ చేశాను — నేను లేకుండా నడిస్తేనే నడిచినట్టు. క్లయింటు ఫైలు ఇంకా రాలేదు; అది వస్తేగానీ రిపోర్టు పడుతుందో లేదో తెలియదు. అద్దాల గదిలో ప్రసాద్ గారు పెన్ను మూత తీసి, కిరణ్‌తో ఏదో మాట్లాడుతున్నారు.

ఇటు చూడటం లేదు. స్క్రీన్ మీద లాగిన్ అడుగుతోంది. నేను ముట్టుకోవడం లేదు.