పాడుతూ ఒలిచిన విత్తనాలు

నాయనా,

ఇవాళ నంద్యాల డాక్టరు నా రిపోర్టులు చూసి, గుండెకు మంచిదని రోజూ గుప్పెడు వేరుశనగలు తినమన్నాడు. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.

నీకు గుండెపోటు వచ్చాక, ఫోన్లో ఏదో వీడియో చూసి, కొవ్వని వాటిని మాన్పించింది నేనే. ఆళ్లగడ్డ ఇంట్లో నువ్వు విత్తనాలకు వేరుశనగ బుడ్డలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని పాట పాడమన్నాను. పాడే నోరు నమలలేదని నా తెలివి.

"బుడ్డలు తింటానని పాడమంటాండావేందిరా?" అని నవ్వావు. చర్చి పాటలన్నీ పాడావు. ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఆ పంట ఇంటికి రాకముందే పోయావు.

ఇందాక నా గుప్పెడు ఒలవడానికి కూర్చున్నాను. మొదటి గింజ నోటిదాకా తెచ్చి, నీ పాట అందుకున్నాను. ఒలవడం అయిపోయేదాకా ఆపలేదు.