గోడను తడవనివ్వండి

విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాఠశాల గోడపై అడవి అవ్వ వేసిన బొమ్మను వానకు వదిలి, ఆమెను ఇంటికి పోనిచ్చుట గురించి.

పై పాఠశాలలో డ్రాయింగు మాస్టారుగా పనిచేయుచున్న నేను వినయపూర్వకముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. అవసరమైనంతే తీసుకుని బతకడమెలాగో బొమ్మల ద్వారా పిల్లలకు నేర్పుటకై, వానలు తెరిపివ్వని అడవి నుండి ఒక పెద్దావిడను తమ శాఖవారే పిలిపించినారు. పిల్లలందరికీ ఆమె అవ్వ. మన భాష కూడా వాళ్ల దగ్గరే నేర్చుకున్నది. ఎర్రమట్టి, ఆకుపసరు, మసి కలిపి గోడ నిండా ఏరును, చేపలను వేసినది.

2. వారి ఆచారము ప్రకారము, మట్టితో వేసిన బొమ్మను వాన కడిగి నేలలో కలిపేదాకా, వేసిన మనిషి ఆ చోటు వదలరాదు. తీసుకున్న మట్టిని తిరిగి నేలకే ఇవ్వాలన్న ఈ పాఠమే ఆమె పిల్లలకు నేర్పవచ్చినది. తొలి వానలకే బయలుదేరతాననీ, ఇంటి దగ్గర కూతురికి పురుడు తానే పోయాలనీ ముందే చెప్పినది.

3. ఆ బొమ్మ ప్రారంభోత్సవమునకు విచ్చేసిన తమరు ముచ్చటపడి, "దీన్ని శాశ్వతంగా భద్రపరచండి" అన్నారు. మరునాడే కాంట్రాక్టరు వచ్చి బొమ్మ మీద వార్నిష్ కొట్టి, పైన రేకులు దించి, ముందు అద్దం బిగించినాడు. తమరి ముచ్చట ఆ ముసలామెకు ఉరితాడైంది.

4. వాన పడినది. అవ్వ మూట కట్టుకుని వచ్చి గోడ ముందు నిలబడింది. తాను నిలువునా తడిసింది. బొమ్మ తడవలేదు. పిల్లలు చెంబులతో నీళ్లు తెస్తే, తమరు పెట్టిన కాపలాదారు అడ్డం పడ్డాడు. "నాకు మాత్రం కడుపు తరుక్కుపోవడం లేదా మాస్టారూ? చుక్క పడిందంటే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు.

5. ఇందుపై నేను పెట్టుకున్న తొలి అర్జీకి తమ కార్యాలయము ఇచ్చిన జవాబు: గోడ శాఖ ఆస్తి అనియు, తడుపుట శిక్షార్హమనియు, సదరు కళాకారిణి ఎప్పుడైనా వెళ్లవచ్చుననియు, ఉండదలచినచో తమ కార్యాలయపు గోడపై మరొక బొమ్మ వేయవలెననియు. ఇంకో గోడా! ఏమండీ, ఇదెక్కడి న్యాయం?

6. ఆమె మా డ్రాయింగు గదిలోనే ఉంటున్నది. కిటికీ తీస్తే ఎదురుగా ఆ అద్దమే. "ఏం కాదులే అవ్వా, బండెక్కేయ్, ఎవరు చూడొచ్చారు?" అని నేనే బతిమాలాను. "పిల్లలకు చెప్పింది నేనే కదా నాయనా, నేనే తప్పమంటావా?" అన్నది. పురుడు ఈపాటికి అయిపోయే ఉంటుంది. తల్లీబిడ్డల కబురు లేదు. అన్నం ముందు కూర్చుంటుంది, చెయ్యి కడిగేసుకుని లేచిపోతుంది. నా భార్యేమో, "తెచ్చిందీ మీవాళ్లే, బంధించిందీ మీవాళ్లే. అర్జీలు ఎందుకండీ, సుత్తి తీసుకెళ్లండి" అని నిలదీస్తున్నది. సుత్తి ఉన్నది. ఉద్యోగం పోతుందన్న భయమూ ఉన్నది. సిగ్గుగా ఉన్నదయ్యా.

కావున తమరు ఈ మొర చిత్తగించి, అద్దమును తీయించి, వార్నిషును గీకించి, వానలు వెనకపట్టు పట్టకముందే గోడను తడవనివ్వవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
డ్రాయింగు మాస్టారు

మరొక మనవి: కవరు అంటించబోతుంటే అవ్వ వచ్చి ఏమిటది అని అడిగింది. చదివి వినిపించాను. అంతా విని, "కడిగితే మాత్రం మట్టి ఎక్కడికి పోతుంది నాయనా? కిందంతా సిమెంటే కదా" అన్నది. నిజమే. అద్దం పెట్టినప్పుడే ఆవరణంతా సిమెంటు పోయించారు. నాకా సంగతి తట్టనే లేదు. ఆమె గేటు దాకా నడిచి, నేలంతా వెతుక్కుంటూ తిరిగి వచ్చింది. "రేపు నా ప్రాణం పోతే, నన్ను ఏ మట్టిలో పెడతారు?" అని అడిగింది. గుమ్మంలోనే నిలబడి ఉంది. అయ్యా, ఏం చెప్పమంటారు?