అందరూ ఒక కొట్టు కుడికి

చిరంజీవి చంటికి,

అత్తయ్య దీవెనలు, వాటితోపాటు కొన్ని సందేహాలు.

మా మేజోళ్ళ మిల్లు గేటు మీద మీ ఆఫీసువాళ్ళు పెద్ద కాగితం అంటించి వెళ్ళారు. "ప్రాంతీయ శ్రామిక శక్తిని భావి ఆర్థిక సవాళ్ళకు సన్నద్ధం చేయు పథకం" అని ఉంది. మా కుట్టు విభాగమంతా నిలబడి చదివి, చదవగానే నా వైపు తిరిగారు, నీ మేనల్లుడు అక్కడే గదా పని చేసేది అని. నాకేం తెలుసు? అందుకే నిన్నడుగుతున్నా. శ్రామిక శక్తి అంటే మేమేనా, ఇంకెవరైనా వస్తున్నారా? ఆ సవాళ్ళు ఎటునుంచి వస్తాయి? వస్తాయని ముందే తెలిస్తే ఆపడానికి వీల్లేదా?

వేళాకోళం కాదురా. వచ్చే ఏడు కొత్త యంత్రాలు దింపుతామని యజమాని చెప్పేశాడు. మేజోడు వేళ్ళ దగ్గర మూసి కుట్టే పని అవే చేసేస్తాయట. నా కింద ఉన్న ఆడవాళ్ళకి వచ్చిన పని అదొక్కటే. మీరేదో శిక్షణ కేంద్రం పెడతారట గదా, అది మన ఊరికి వచ్చేలా చూడు.

ఉంటాను,
అత్తయ్య

తా.క.: సవాళ్ళు పొద్దుటి షిఫ్టులో వస్తాయా, మధ్యాహ్నం షిఫ్టులోనా అని మావాళ్ళు అడగమన్నారు. మధ్యాహ్నమైతే ఆ పూట సెలవు పెడతారట.

*

పూజ్యురాలైన అత్తయ్యకు,

నమస్కారాలు. శ్రామిక శక్తి అంటే మీరే.

మంజూరైన కేంద్రం ఒక్కటే. అది మన ఊరికా, వంతెన అవతలి ఊరికా అన్నది ఇంకా తేలలేదు. పరిశీలకుడొకాయన రెండు ఊళ్ళూ చూసి నివేదిక ఇస్తారు. జనం మార్పుకు సుముఖంగా ఉన్నారా లేదా అన్నదే ఆయనకు ముఖ్యం. కాబట్టి తమ పనే కాక మరో పనికి కూడా సిద్ధంగా ఉండాలని మిల్లులోనూ, మన వీధి కొట్లవాళ్ళకూ చెప్పండి. చెబితే చాలు. మీ మాట ఎవరూ తీసెయ్యరు.

విధేయుడు,
మీ మేనల్లుడు

తా.క.: కవరు మీద దయచేసి నా హోదా రాయండి. "చంటిగాడికి" అని రాస్తే మా బంట్రోతు గదిగదికీ తిరిగి కేకేస్తున్నాడు. నిన్న మా పై అధికారి కూడా "చంటీ, ఆ ఫైలు ఇలా తే" అన్నారు.

*

హోదాగల చంటికి,

దీవెనలు. చెప్పడమేమిటి, చేయించేశాను.

మా మిల్లులో ఒక పద్ధతుంది. ఎవరైనా రాకపోతే ఆ యంత్రానికి ఎడమ పక్కన కూర్చునే మనిషి లేచి అందులో కూర్చుంటుంది. ఎవరు చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి అన్న పంచాయితీ ఉండదు. అదే మన వీధికి పెట్టాను. సోమవారం నుంచి అందరూ ఒక కొట్టు కుడికి జరిగారు.

చెప్పులు కుట్టేవాడు దర్జీ కొట్లో ఉన్నాడు. అతను కుట్టిన చొక్కా చిరగదు. వంగదు కూడా. దర్జీ పోస్టాఫీసులో ఉత్తరాల్ని కొలతల ప్రకారం సర్దుతున్నాడు, పొడుగువి ముందు, పొట్టివి తర్వాత. పోస్టుమాస్టరు మంగలి కొట్లో, మంగలి గడియారాల కొట్లో. గడియారాలాయన ఫొటో స్టూడియోలో చేరాడు. అందరూ కొత్తలో బిక్కమొహం వేశారు గానీ, ఇప్పుడు పొద్దున్నే ఎవరికివాళ్ళు పరుగెత్తుకొస్తున్నారు. పక్క కొట్లో ఇన్నేళ్ళూ ఏం జరుగుతోందో చూడాలని ఎంత ఆశగా ఉందో వీళ్ళకి!

ఉంటాను,
అత్తయ్య

తా.క.: ఫొటోలాయనది చివరి కొట్టు. అతనికి కుడివైపు కాలవ తప్ప ఏమీ లేదు. పాపం, ఈత నేర్చుకుంటున్నాడు.

*

అత్తయ్యా,

కొంప ముంచారు. సిద్ధంగా ఉండమంటే మనసులో ఉండమని! ముందు కేంద్రం రావాలి, పాఠ్యప్రణాళిక రావాలి, పరీక్ష పెట్టాలి, ఆ తర్వాత కదా మనుషులు కదిలేది.

గురువారం పరిశీలకుడు వస్తున్నారు. ఈ సంత ఆయన కంట పడితే కేంద్రం వంతెన దాటిపోతుంది, మీ కుట్టు విభాగం నోట్లో మట్టి పడుతుంది. ఈ ఉత్తరం అందిన వెంటనే ఎవరి కొట్లోకి వాళ్ళని పంపండి.

కంగారుతో,
మీ మేనల్లుడు

తా.క.: వీధి మొదట్లో పళ్ళ డాక్టరు గదా! ఆయన కుర్చీ దగ్గర ఎవరున్నారు? తిరుగు టపాలో రాయండి. రాత్రి నిద్ర పట్టలేదు.

*

చంటీ,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. కవరు పొట్టిది.

పరిశీలకుడు వచ్చి వెళ్ళిపోయాడు. బస్సు దిగి, జుట్టు చెదిరిందని తిన్నగా మంగలి కొట్లోకే వెళ్ళాడు. కత్తెర వేస్తున్నాయన్ని మాటల్లో పెట్టి మీదేం పని అంటే, పోస్టుమాస్టర్నన్నాడట. అక్కణ్ణుంచి కొట్టు కొట్టూ తిరిగాడు. గడియారాల కొట్లో మంగలి, "ముందుకెళ్ళే గడియారమైతే కాస్త తగ్గించగలను బాబూ, వెనకబడిందాన్ని నేనేం చెయ్యలేను" అన్నాడట. అన్నీ రాసుకుని చివరికి నా దగ్గరికొచ్చాడు.

"మరి తప్పులు దొర్లితే ఎలాగమ్మా?" అన్నాడు.

"దొర్లుతాయండి. కొత్తగా కూర్చున్న మనిషి కుట్టు చూసి మా మిల్లులో ఎవరూ నవ్వరు. పక్కన కూర్చుని విప్పి చూపిస్తారు" అన్నాను.

ఆయన అదీ రాసుకున్నాడు. నివేదిక కవరులో పెట్టి పోస్టాఫీసులో దర్జీ చేతికిచ్చి వెళ్ళాడు. నా అతి తెలివి వల్ల మావాళ్ళ అన్నం పోయిందేమోరా. మిల్లులో ఎవరి మొహమూ చూడలేకపోతున్నా.

దిగులుతో,
అత్తయ్య

తా.క.: ఆయనకి సగం తలే కత్తిరించాం. వేళయిపోయింది, మిగతాది రేపు పదింటికి రమ్మని పోస్టుమాస్టరు కిటికీ మూసేశాడు.

తా.క. మళ్ళీ: పళ్ళ డాక్టరు గురించి బెంగపడకు. ఆ కొట్టుకి ఎడమ పక్క ఎవరూ లేరు, తాళం వేసి ఉంది. ఆయన చెప్పుల కొట్లో మేకులు పీకుతున్నాడు. చెప్పుకి నొప్పే తెలియదట.

*

అత్తయ్యకు,

పాదాభివందనాలు. దిగులు మానండి. కేంద్రం మన ఊరికే వచ్చింది.

నివేదికలో ఆయన రాసింది ఇదీ: "ఈ వీధిలో రెండో పని ఎవరికీ సరిగ్గా రాదు. కానీ రాదని ఒప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. పక్కవాడికి నేర్పడం మాత్రం అందరికీ వచ్చు. ముఖ్యంగా మిల్లు కుట్టు విభాగానికి." అందుచేత మీ ఆడవాళ్ళందర్నీ శిక్షకులుగా నియమించారు, జీతాలతో సహా. ఉత్తర్వులు పెద్ద కవర్లలో పంపిస్తున్నాం, ముందే అందుతాయి.

ఇక మొదటి విద్యార్థులెవరో చెబుతాను. నిన్న పై అధికారి మా విభాగం మొత్తాన్ని పిలిచారు. మేం రాసే ఉత్తరాలు, నివేదికలు, పథకాలు అన్నీ వచ్చే నెల నుంచి ఒక యంత్రం రాస్తుందట. ఊరందరి భవిష్యత్తూ ఆలోచించాం గానీ మా సంగతి మాకు తట్టనే లేదు. ఫైలు రాయడం తప్ప నాకు ఇంకే పనీ రాదు అత్తయ్యా. భయంగా ఉంది. సోమవారం పొద్దుటి బస్సుకి అందరం వస్తున్నాం, పై అధికారితో సహా. మొదటి రోజుల్లో నవ్వకండి.

మీ విద్యార్థి

తా.క.: ముందుగా కాస్త అలవాటవుతుందని ఇవాళ విభాగమంతా కలిసి ఒక సూదిలో దారం ఎక్కించాలని చూశాం. ఇంకా ఎక్కలేదు. దాని మీద ఉపసంఘం వేశాం.