దెందులూరులో వేడినీళ్ళ బోరు

సత్యం గారూ,

మీరు వేసిన మా ఇంటి బోరులో వేడినీళ్ళు పడ్డాయని ఆ రోజు మిమ్మల్ని నలుగురిలో తిట్టాను. "పూడ్చకండి మాస్టారూ, చలికాలంలో వీధంతటికీ పనికొస్తాయండీ," అని మీరు బతిమాలారు.

మీరు పోయిన రెండేళ్ళకు, ఈ కార్తీకంలో, ఆ నీళ్ళకు పైపులు వేసి ఇంటింటికీ కుళాయి పెట్టించాం. మొదటిది మీ ఇంటికే. పొద్దున్నే మీ ఆవిడ ఆ వేడినీళ్ళ కింద పెట్టిన చేతులు చాలాసేపు తీయలేదు. నేను తిట్టిన సంగతి ఆవిడకు చెప్పేశాను.

"ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదండీ. ఎందుకో ఇప్పుడు తెలిసింది," అన్నారావిడ.

నేను వచ్చేయబోతుంటే, "ఉండండి మాస్టారూ, కాఫీ పెడతాను," అని లోపలికి వెళ్ళారు.

ఆ కాఫీ తాగి వచ్చి, మీరుండగా చెప్పాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను. తప్పు నాదండీ.