కళ్లు కుట్టిన బాతు

గురజాల, డిసెంబరు 1946, రాత్రి

ఇక ఆ చెరువుకు పోకూడదనిపించింది. కానీ నీళ్లకు మరో దారేదీ?

తెల్లారకముందే వెళ్లాను. చెరువు నిండా చలికాలపు బాతులు. ఇక్కడ తుపాకీ పేల్చకూడదని ఊరి కట్టుబాటు. పిట్టలు పట్టే అతనికి తుపాకీ అక్కర్లేదు. పెంపుడు బాతు కళ్లను దారంతో కుట్టేసి ఒడ్డున కట్టేశాడు. పైన రెక్కల చప్పుడు వినగానే అది ఆప్యాయంగా పిలిచింది. గుంపంతా నమ్మి దాని పక్కనున్న వలలోకి దిగింది. బిందె ముంచడం మరిచి చూస్తూ ఉండిపోయాను.

ఇంటికి రాగానే అత్తమ్మ అందుకుంది.

"ఏమే, పండక్కి మీ చెల్లెలొస్తంది. మా చిన్నోడికి చేసుకోవాలనుకుంటన్నాం. ఆ కమిలిన చెయ్యి పైట కింద దాచుకో. మొహం అట్టా పెట్టుకోమాక."

ఆయన కొట్టింది మొన్న. మరిదిదీ అన్న పోలికే.

సాయంత్రం రూతు బండి దిగుతూనే నన్ను వాటేసుకుని చెవిలో అడిగింది. "అక్కా, నువ్వు సరేనంటే నేనూ సరే. ఇక్కడ బాగుంటదా?"

అత్తమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"చానా బాగుంటదే, రా" అన్నాను.

ఎంత ఆప్యాయంగా పిలిచానో.