పేరు రాయని మనిషికి మాత్రలు

రేపల్లె, ఆషాఢం, 1967

తెనాలి ఆసుపత్రి మగవాళ్ల వార్డు నర్సమ్మాయికి మాణిక్యమ్మ దీవించి రాసేది. నాకు చదువు కొంచెమే, సర్దుకుని చదువుకో.

మావారు విత్తనాలకని బాపట్ల వెళ్లి కళ్లు తిరిగి పడ్డారట. రక్తపోటని ఎవరో మీ దగ్గర చేర్చారట. నేను పరిగెత్తుకు రావాలి, కానీ మా గేదె గంగ ఇవాళో రేపో ఈనేలా ఉంది. అక్కడా ప్రాణమే, ఇక్కడా ప్రాణమే.

ఆయన పేరు నేను నోటితో చెప్పను, చేత్తో రాయను. బట్టతల, ఎర్రంచు తువ్వాలు. చూస్తే నీకే తెలుస్తుంది. మాత్ర మింగినట్టే ఉండి బుగ్గలో దాస్తారు. నువ్వటు తిరగ్గానే కిటికీలోంచి ఊసేస్తారు. నోరు తెరిపించి నాలిక కింద కూడా చూడు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు.

కంటిమీద కునుకు లేని
మాణిక్యమ్మ

తా.క.: నీకు పెళ్లయిందా? ఊరికే అడిగాను.

తెనాలి

పెద్దమ్మగారికి రిబ్కా నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం వార్డులో చదవగానే తలుపు పక్క మంచంమీద బట్టతలాయన నవ్వుతూ చెయ్యెత్తారు. బాపట్ల నుంచే వచ్చారట, ఎర్రంచు తువ్వాలూ ఉంది. రోజూ పొద్దున్నే చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నాను, ఆ తర్వాత రక్తపోటు. తగ్గుతోంది. మాత్ర మింగి తనే నోరు తెరిచి చూపిస్తున్నారు. మంచంమీంచి ఒక్కసారిగా లేవకూడదు, కాసేపు కూర్చుని లేవాలి, ఒంట్లో బాగుందని మాత్ర మానకూడదు అని నేర్పితే, అదంతా పద్యంలా రాగం తీసి అప్పజెప్పారు. వార్డంతా ఒకటే నవ్వులు. మీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నారు.

మీరు దిగులు పడకండి.
రిబ్కా

తా.క.: పెళ్లి కాలేదండి.

రేపల్లె

రిబ్కాకి,

రాగం తీశారా? నేను కాపరానికొచ్చిన్నాటి నుంచి ఆయన నోట "ఊఁ", "కూరెయ్యి" తప్ప విన్నది లేదు. నేను నోరు తెరవమంటే లేచి పొలం వెళ్లిపోయే మనిషి నీకు నాలిక చూపించారా? నాడి చూడ్డానికి చెయ్యే పట్టుకోవాలా అమ్మా? ఎలా ఉందని దూరంగా నిలబడి అడిగితే చెప్పరా? నా చెయ్యి ఆయన పట్టుకున్నది పెళ్లిపీటల మీద, మళ్లీ వరదప్పుడు కాలవ దాటించడానికి. అంతే.

ఇక్కణ్ణుంచి గట్టిగా చదువు, వార్డంతా వినాలి. ఏమండీ, గంగ పెయ్యదూడని ఈనింది. మీరు లేరని అది కుడితి ముట్టడం లేదు, నాకూ అన్నం దిగడం లేదు. మీరేమో అక్కడ పాటలు పాడుతున్నారు.

నవ్వు రాని
మాణిక్యమ్మ

తా.క.: గొంతు బాగుంటుందా?

తెనాలి

పెద్దమ్మగారూ, కూర్చుని చదవండి.

మీ ఉత్తరం గట్టిగానే చదివాను. వార్డులో కిటికీ పక్కన ఇంకో బట్టతలాయన ఉన్నారు. మాటా పలుకూ ఉండదు. రక్తపోటు తగ్గడం లేదని డాక్టరుగారు ఆయనకి మాత్ర పెంచబోతున్నారు. మీ మొదటి ఉత్తరం చదివిన రోజు మరీ ఎక్కువైంది, ఎందుకో నాకు తోచలేదు. నిన్న పెయ్యదూడ మాట రాగానే ఆయన లేచి కూర్చుని, "ఆ గేదె నాది" అన్నారు.

"గేదె మీదైతే మరి ఈ పెద్దమ్మగారండి?" అన్నాను.

"గేదె నాదన్నానుగా" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మీ పేరు చెప్పమంటే ఆయనా చెప్పరు. కిటికీ బయట చూస్తే నేలనిండా మాత్రలే.

తలుపు పక్కన ఉన్నది హనుమయ్యగారు. అడిగితే, "నా ఇల్లాలు పోయి చాన్నాళ్లయిందమ్మా. మందేసుకోమని ఎవరో కేకలేస్తుంటే హాయిగా ఉండి ఊరుకున్నా" అన్నారు.

డాక్టరుగారు మాత్ర పెంచకముందే తేల్చుకోవాలి. మీవారి పేరు వెంటనే రాయండి, ఆసుపత్రి చీటీలో పేరుతో సరిచూస్తాను.

మీ రిబ్కా

తా.క.: మీ ఉత్తరాలు హనుమయ్యగారి దిండు కిందనుంచి కిటికీ పక్కాయన దిండు కిందికి వెళ్లాయి. అడిగి తీసుకోలేదు.

రేపల్లె

చల్లగా ఉండు రిబ్కా,

పలకలేదా? గోడవైపు తిరిగారా? ఆయనే మావారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మాత్ర పెంచనివ్వకు తల్లీ, ఉన్నవి మింగిస్తే చాలు. పేరంటావా, ముందు రాముడి తండ్రి పేరు, వెనక రాముడి పేరు, చివర అయ్య. ఇది రాసినట్టు కాదు.

ఇక చెయ్యి పట్టుకుని ఎంతసేపైనా నాడి చూసుకో, ఆయన నీవైపు కూడా చూడరు. గంగని పక్కింటి శేషారత్నానికి అప్పగించి శుక్రవారం బస్సెక్కుతున్నాను. నోరు నేనే తెరిపిస్తాను.

నీ పెద్దమ్మ
మాణిక్యమ్మ

తా.క.: నిజంగా నాకోసమే కుళ్లుకున్నారంటావా? రక్తపోటు తగ్గి ఉంటేనే సుమా, నేనొచ్చిన రోజు ఇంకొక్కసారి హనుమయ్యగారికి ఉత్తరం చదువు. కొంచెం చాలు. నేను తలుపుచాటున నిలబడి చూస్తాను.