మామ్మ పక్కన సున్నా

కాకినాడ, 12-5-2003

కోరుకొండలోని మా కంప్యూటరు పంతులమ్మ ఉమకి తాత దీవెనలు.

ఈ ఆసుపత్రి కాఫీ గ్లాసులో ఈగ పడినా కాళ్లే తడుస్తాయి. పదహారున గుండె ఆపరేషన్. సూది చూసి మీ నాన్న నాకంటే ముందు మంచమెక్కాడు. ఆవకాయ జాడీకి వాసెన కట్టమని అమ్మకి చెప్పు.

నీ ప్రోగ్రాము ఇంట్లోవాళ్ల లిస్టులో ఒక్కో పేరూ చూస్తూ పోయి, పక్కన ఒకటుంటే వాళ్లకి కాఫీ అంటుంది, సున్నా ఉంటే దాటేస్తుంది. మామ్మ పోయాక ఆవిడ పక్కన సున్నా పెట్టావు. రోజూ అది ఆవిణ్ణి దాటేస్తుంటే నాకు కాఫీ గొంతు దిగలేదమ్మా. ఇప్పుడు మామ్మకి కాఫీ అంటోందని కంప్యూటర్ని తిట్టకు. బయల్దేరేముందు నా ఒకటి ఆవిడకిచ్చి, ఆవిడ సున్నా నేను తీసుకున్నాను.

నీ దొంగ తాత,
మార్కండేయులు